నేల వెల - హక్కు వెల

పారీస్ కార్నర్‌లో బస్సు కోసం నిలబడే మనలో చాలామంది డేర్ హౌస్ మూలన ఉన్న పాత రాతి స్తంభాన్ని చూసే ఉంటారు. అదేమిటని అడిగినవారు మాత్రం తక్కువ. నేనూ అడగలేదు. ఆ ప్రాంతంలోని మా బ్రాంచిలో ఆరేళ్లు పనిచేసిన కాలంలో రోజూ దాని పక్కనుంచే నడిచాను. అది 1773లో ఈస్టిండియా కంపెనీవారు పాతించిన హద్దురాయి అని తర్వాత ఒక పెద్దాయన చెబితే తెలిసింది. అలాంటివి వరుసగా మరికొన్ని ఉండేవట. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. ఆ రాళ్లకూ కోటకూ మధ్య ఎవరూ ఇల్లు కట్టరాదన్నది వాటి అర్థం.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్ఫయ్యేళ్లుగా ఇతరుల దస్తావేజులు చదువుతూ పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. నేల తాకట్టు పెట్టి అప్పు అడిగే ప్రతివారి కాగితాల ముందూ మాకు రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ నేల ఎవరిది? దీని వెల ఎంత? మొదటిదానికి లాయరు జవాబు చెబుతాడు, రెండోదానికి వాల్యుయరు. ఈ రెంటి మధ్య మూడో ప్రశ్న ఒకటి దాగి ఉంటుంది. నేల మనదే అయినా దాని మీద సర్కారుకో, కంపెనీకో, ఊరికో ఉన్న హక్కు ఎంత? ఆ హక్కు తీసుకున్నవారు మనకు ఎంత చెల్లించాలి? ఈ ప్రశ్నకు మన చెన్నపట్నంలో రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. నాకు తెలిసినంతలో ఆ కథ చెబుతాను.

ఫిరంగి చూపు మేర

1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసు కోటను పట్టుకున్నారు. అప్పటికి కోట గోడలకు దాదాపు ఆనుకునే నల్లవారి పట్నం ఉండేది. తెలుగు, తమిళ వర్తకులు, దుబాసులు, నేతగాళ్లు అక్కడే కాపురం. ఇళ్లు అంత దగ్గరగా ఉంటే శత్రువుకు చాటు దొరుకుతుంది, కోట మీది ఫిరంగికి చూపు ఆనదు. ఆ సంగతి ఫ్రెంచివారు గ్రహించి కొన్ని ఇళ్లు కూల్చారు. 1749లో పట్నం తిరిగి చేతికి వచ్చాక ఇంగ్లీషువారు ఆ పని పూర్తిచేశారు. పాత పట్నమంతా నేలమట్టమై మైదానమయింది. దాన్నే ఎస్ప్లనేడ్ అన్నారు. నేటి హైకోర్టు ఆవరణ ఆ చోటనే ఉంది.

పట్నానికే పేరుతెచ్చిన చెన్నకేశవ పెరుమాళ్ గుడి కూడా ఆ కూల్చివేతలో పోయింది. దానికి బదులు కంపెనీ వారు కొత్త పట్నంలో స్థలం ఇచ్చారు. మణలి ముద్దుకృష్ణ మొదలియారు పూనికతో అక్కడ మళ్లీ గుడి లేచింది. పూల బజారు దగ్గర దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు జంటగా ఇప్పటికీ ఉన్నాయి.

స్థలానికి స్థలం ఇవ్వడం న్యాయంగానే కనబడుతుంది. లెక్కల మనిషిగా నాకు వెంటనే ఒక సందేహం వస్తుంది. కోట గుమ్మం ఎదుట, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న స్థలమూ, లోపలెక్కడో ఉన్న స్థలమూ కొలతకు సమానమైతే వెలకూ సమానమేనా? నౌక దిగిన సరుకును కోటలోకి చేర్చే వర్తకుడికి గుమ్మం పక్క గది ఒక ఆస్తి. మరో పేటలో అంతే పొడవు, అంతే వెడల్పు ఉన్న గది మరో ఆస్తి. గజంబద్ద ఈ తేడాను చూడలేదు.

ఆ రాళ్లు చెప్పే రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మైదానంలో మన్ను ఎవరిదన్నది ఒక విషయం. దాని మీద గోడ లేపకూడదన్నది ఇంకొక విషయం. కోటవారికి కావలసింది మన్ను కాదు, ఫిరంగి చూపు మేర ఖాళీ. ఇలా ఇంకొకరి నేలను వాడుకునే హక్కునూ, ఆ నేల మీద ఫలానా పని చేయవద్దని ఆపే హక్కునూ కోర్టు భాషలో ఈజ్‌మెంటు అంటారు. మన ఊళ్లలో దారి హక్కు, నీటి హక్కు, చూరు నీళ్ల హక్కు అని ఎప్పటినుంచో అంటున్నది దీన్నే. 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టాన్ని మొదట వర్తింపజేసిన చోట్లలో మద్రాసు రాజధాని ఒకటి. ఆ చట్టం లాభం పొందే నేలను ఒక పేరుతోనూ, బరువు మోసే నేలను మరొక పేరుతోనూ పిలుస్తుంది. నేను వాటిని ఏలే నేల, మోసే నేల అంటాను.

మోసేవాడికి ఎవరు చెల్లించాలన్న ప్రశ్న ఆ రోజుల్లోనే తిరగబడి కూడా వచ్చింది. హైదరాలీ దండు భయంతో కొత్త నల్లపట్నం చుట్టూ గోడ కట్టారు. అది మీ రక్షణకే కనుక ఖర్చు మీరే భరించండని కంపెనీవారు పట్నవాసుల మీద పన్ను వేయబూనారు. పన్ను వసూలు కాలేదు. గోడా చాలావరకు పోయింది. సెంట్రల్ స్టేషన్ పక్కన వాల్ ట్యాక్స్ రోడ్డు అన్న పేరు మాత్రం నిలిచింది.

కాగితం మీదికి వచ్చిన న్యాయం

రైలు వచ్చేదాకా భూసేకరణకు దేశమంతటికీ ఒకే చట్టమంటూ లేదు. మద్రాసు రాజధానికి 1852లో ఒక చట్టం చేశారు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు రైలు నడిచింది. మరుసటి ఏడాది, 1857లో, బ్రిటిషు ఇండియా అంతటికీ వర్తించే మొదటి సేకరణ చట్టం వచ్చింది. ధర దగ్గర తేడా వస్తే మధ్యవర్తులు తేల్చాలని అందులో ఉంది. 1870 చట్టం ఆ పనిని కోర్టుకు అప్పగించింది. చివరికి 1894 మార్చి 1 నుంచి అమలయిన చట్టం నూట ఇరవై ఏళ్లకు దగ్గరగా మన నేలలను ఏలింది.

1894 చట్టంలో వెలకట్టే పద్ధతి చూస్తే దాన్ని రాసినవారు రైతు కష్టం ఎరగనివారని అనలేం. నోటీసు నాటి బజారు ధర ఇవ్వాలి. పైరుకూ చెట్లకూ ఇవ్వాలి. పొలాన్ని రెండుగా చీలిస్తే మిగిలిన ముక్కకు కలిగే నష్టం ఇవ్వాలి. ఇల్లు మారవలసివస్తే ఆ ఖర్చు ఇవ్వాలి. వీటన్నిటి తర్వాత, ఇష్టం లేకుండా వదులుకుంటున్నందుకు బజారు ధర మీద నూటికి 15 అదనంగా ఇవ్వాలి. ఈ అదనాన్నే సొలేషియం అంటారు. మన మాటలో ఓదార్పు సొమ్ము.

చిక్కంతా 'బజారు ధర' అన్న రెండు మాటల్లో ఉంది. అమ్మకానికి పెట్టని నేలకు బజారు ఎక్కడిది? కొనేవాడు ఒక్కడే అయితే, వాడే చట్టం చేసేవాడు కూడా అయితే, ధర ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నకు లోకమంతా ఇప్పటికీ చెప్పుకునే జవాబు మన విశాఖపట్నం నుంచి వచ్చింది.

లోవ ఊట

విశాఖ రేవు కట్టడం సాగుతున్న రోజులవి. చిత్తడినేలల్లో దోమలు, పనివాళ్లకు మలేరియా. దాన్ని అరికట్టే పనుల కోసం రేవు పక్కనే కొండల నడుమ ఉన్న లోవ తోటలు కావాలని 1928 ఫిబ్రవరిలో నోటీసు ఇచ్చారు. లోవ అంటే ఉత్తరాంధ్రలో కొండల మధ్య పల్లపు చోటు. ఆ భూమి రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారిది. అందులో ఒక మంచినీటి ఊట ఉంది. రేవుకు మంచినీళ్లు కావాలి. అంత దగ్గరలో అలాంటి నీళ్లు ఉండడం ఆ నేలకు ఒక అదృష్టం.

రాజాగారు అడిగింది ఇదే. నా భూమికి వెల కట్టేటప్పుడు తోట ధర మాత్రమే చూస్తారా, ఊటను రేవుకు అమ్ముకోగల అవకాశాన్ని కూడా చూస్తారా? అవతలివారి వాదన తేలికగా తోసేయదగింది కాదు. ఆ నీళ్లు కొనగలిగింది రేవువారు ఒక్కరే. ఆ రేవువారే ఇప్పుడు భూమిని తీసుకుంటున్నారు. పోటీకి మరొకడు లేని సరుకుకు బజారు ధర ఏముంటుంది? మద్రాసు హైకోర్టులో రాజాగారికి అనుకూలంగా రాలేదు. అంటే ఒకనాడు వెల తేలని ఇళ్లు కూలిన ఆ మైదానం మీద లేచిన ఎర్ర భవనంలోనే ఆ ఊటకూ వెల లేకపోయింది.

కేసు లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1939 ఫిబ్రవరిలో లార్డ్ రోమర్ తీర్పు చెప్పారు. ఆయన వాదనను నాకు అర్థమైనంతలో చెబుతాను. వేలంపాట ఊహించుకోండి. ఊట విలువ తెలిసిన కొనుగోలుదారు ఒక్కడే ఉన్నాడు. తక్కినవారు తోట ధరకు మించి పాడరు. అప్పుడు ఆ ఒక్కడు తోట ధర మీద ఒక్క మెట్టు పాడితే చాలు, సరుకు దక్కుతుంది. అది న్యాయమైన ధర కాదు. ఇష్టపడి అమ్మేవాడూ ఇష్టపడి కొనేవాడూ స్నేహంగా కూర్చుని బేరం చేస్తే ఏ ధర తేలుతుందో అది ధర. అమ్మేవాడి గరజునూ చూడకూడదు, కొనేవాడి తొందరనూ చూడకూడదు. కొనగలిగినవాడు ఒక్కడే అయినా, వాడే సేకరించేవాడైనా, నేలలో ఉన్న అవకాశానికి వెల ఉంది. దాన్ని లెక్క కట్టవలసిందే.

ఈ తీర్పును ఇంగ్లండులోనూ కామన్వెల్తు దేశాల్లోనూ న్యాయవాదులు 'ఇండియన్ కేసు' అనే పిలుస్తారు. భూమి వెలకట్టడం మీద ఆ దేశాల్లో వాదన జరిగితే లోవ ఊట ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని నేను చూడలేదు.

నెసపాక్కం పొలాలు

స్వరాజ్యం వచ్చాక మద్రాసుకు ఇళ్ల కరువు పట్టుకుంది. నగరం పడమటి అంచున నెసపాక్కం మొదలైన గ్రామాల పొలాల్లో కొత్త కాలనీలు వేయాలని 1960లో నోటీసులు ఇచ్చారు. ఖర్చు తగ్గించుకోవాలని మద్రాసు ప్రభుత్వం 1961లో సేకరణ చట్టానికి తన సవరణ చేసింది. ఇళ్ల పథకాలకు తీసుకునే భూమికి మాత్రం నోటీసు నాటి ధర, అంతకుముందు అయిదేళ్ల సగటు ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తామంది. ఓదార్పు సొమ్మును నూటికి 15 నుంచి 5కు దించింది. పొలం పొలంగా ఉన్న విలువే తప్ప, రేపు ఇళ్లస్థలం కాగల విలువను లెక్కలోకి తీసుకోకూడదంది. ఇరవై రెండేళ్ల క్రితం లోవ ఊట గెలుచుకున్న మాటను ఈ మూడో నిబంధన తుడిచేసింది.

భూమి యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వజ్రవేలు మొదలియారు కేసుగా అది పేరుపడింది. 1964 అక్టోబరులో తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ప్లీడరీ చేసి, ఇక్కడి హైకోర్టులోనే 1948లో జడ్జి అయి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయినవారు. 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఈ పట్నం పొలిమేరలు ఆయన ఎరిగినవే.

పక్కపక్కనే రెండు పొలాలున్నాయి. ఒకటి ఆసుపత్రికి తీసుకుంటే పూర్తి ధర, రెండోది కాలనీకి తీసుకుంటే తగ్గించిన ధర. పోగొట్టుకున్న రైతుకు ఇద్దరి నష్టమూ ఒకటే కదా, ఈ తేడాకు ఆధారమేమిటి? సమానత్వానికి ఇది విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ మద్రాసు సవరణను కొట్టేసింది. ఆస్తి హక్కు తర్వాత 1978 నాటి రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితానుంచి తొలగింది. అయినా సుబ్బారావుగారు పట్టుకున్న సూత్రం సూటిగా ఉంది. తీసుకునేవాడి అవసరాన్నిబట్టి పోగొట్టుకునేవాడి నష్టం మారదు.

మా మేనమామ సంతకం

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మేనమామది తిరువళ్లూరు వైపు పల్లె. అక్కడ మనవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. ఆయన చదువు అయిదో తరగతి దాకా తెలుగులోనే. తమిళం ధారాళంగా మాట్లాడతాడు కాని చదవలేడు.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో ఒక రోడ్డు పనికి ఆయన మూడెకరాల్లోంచి ఎకరా పది సెంట్లు తీసుకున్నారు. రోడ్డు పొలం నడిమధ్యన వచ్చింది. బావి ఒక పక్క, మడి రెండో పక్క. ధర నిర్ణయించడానికి అధికారులు చుట్టుపక్కల ఇటీవల జరిగిన అమ్మకాల పట్టీ తయారుచేశారు. అందులోంచి మచ్చుగా ఒక అమ్మకాన్ని ఎన్నుకున్నారు. అది రెండేళ్ల ముందు మా మేనమామే పక్కవాడికి అమ్మిన అరెకరం! స్టాంపు ఖర్చు తగ్గుతుందని కొన్నవాడు అడిగితే అసలు ధరలో సగమే దస్తావేజులో రాయించి సంతకం పెట్టాడు. ఆ సగం ధరే ఇప్పుడు ఆయన పొలం వెల అయింది. "ఒరేయ్ అబ్బాయ్, ఎవర్ని తిట్టను? నా సంతకమే నన్ను పట్టించింది" అన్నాడు నాతో.

రెండో పొరపాటు ఇంకా చిన్నది, దాని ఖరీదు ఇంకా పెద్దది. డబ్బు పుచ్చుకునేటప్పుడు 'ఆక్షేపణతో పుచ్చుకుంటున్నాను' అని రాస్తేనే తర్వాత ఎక్కువ కోసం కోర్టుకు వెళ్లే హక్కు నిలుస్తుంది. ఆ కాగితం తమిళంలో ఉంది. చూపించినచోట సంతకం పెట్టాడు. బావికీ మడికీ మధ్య చీలిక వచ్చినందుకు విడిగా నష్టం అడగవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు. కామర్స్ చదివిన మేనల్లుడు ఉండి ఏం లాభం?

దస్తావేజులో రాసే ధర గురించి మరొక మాట. రిజిస్ట్రేషను శాఖ వేసే గైడ్‌లైన్ ధర స్టాంపు వసూలు కోసమే తప్ప సేకరణలో బజారు ధరకు అదే పునాది కాదని 1994లో ఆదిలాబాదు నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 చట్టం ఈ స్థితిని మార్చింది. గైడ్‌లైన్ ధర, చుట్టుపక్కల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం అమ్మకాల సగటు, ఒప్పందంతో తీసుకునే సందర్భంలో ఒప్పుకున్న ధర, వీటిలో ఏది ఎక్కువైతే అది మూలమంది. 1961లో 'ఏది తక్కువైతే అది', 2013లో 'ఏది ఎక్కువైతే అది'. ఈ ఒక్క మాట మారడానికి యాభై రెండేళ్లు పట్టింది.

ఒక ఎకరా లెక్క

పాఠకులకు తేలికగా ఉండేందుకు ఒక ఊహా లెక్క వేస్తాను. బజారు ధర లక్ష రూపాయలున్న ఎకరా ఒకటి అనుకోండి. 1894 చట్టం మొదట ఉన్న రూపంలో దానికి 1,15,000 వచ్చేది. 1984 సవరణ ఓదార్పు సొమ్మును నూటికి 30 చేసింది. కనుక 1,30,000, దాని మీద నోటీసు తేదీనుంచి ఏడాదికి నూటికి 12 చొప్పున అదనం. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం పట్నంలో ధరకు ధర ఓదార్పు కలిసి 2,00,000. పల్లెల్లో ధరను ముందు 1 నుంచి 2 మధ్య అంకెతో హెచ్చవేస్తారు కనుక, ఆ అంకె 2 అయినచోట 4,00,000 దాకా వస్తుంది.

ఇదంతా నేలను పూర్తిగా తీసుకున్నప్పుటి మాట. ఇక నేల మీకే వదిలి, అందులో హక్కు మాత్రం తీసుకుంటే?

1962లో పెట్రోలియం గొట్టాల కోసం ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం నేల రైతుదే. గొట్టం వేసుకునే, బాగుచేసుకునే హక్కు మాత్రం కంపెనీది. ఆ పట్టీ మీద రైతు పైరు పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పని జరిగేటప్పుడు పైరుకు కలిగే నష్టం విడిగా ఇస్తారు. హక్కు కోసం ఇచ్చేది నోటీసు నాటి బజారు ధరలో నూటికి 10. మన ఊహా ఎకరాలో గొట్టం పట్టీ 20 సెంట్లు పట్టిందనుకుంటే, దాని ధర 20,000, చేతికొచ్చేది 2,000. తక్కిన 80 సెంట్లు పైకి చెక్కుచెదరలేదు. కాని పట్టీ నడిమధ్యన పోయిందంటే ఆ ఎకరాను ఇక స్థలాలుగా విడగొట్టడం కష్టం. అలాంటి నేల తాకట్టుకు వస్తే మా వాల్యుయరు మొత్తం ఎకరా మీద ధర తగ్గిస్తాడు, 20 సెంట్ల మీదే కాదు. ఒకే నేలను కంపెనీ లెక్క ఒకలా చూస్తుంది, బ్యాంకు లెక్క మరొకలా చూస్తుంది. రెండు లెక్కల్లోనూ తగ్గేది రైతుకే.

కరెంటు తీగలది ఇంకా పాత కథ. 1885 టెలిగ్రాఫు చట్టం తంతి స్తంభాలు నాటేందుకు వాడుక హక్కు మాత్రమే ఇచ్చింది, జరిగిన నష్టానికి పరిహారం అంది. తంతి తీగకు రాసిన ఆ నియమాన్నే వేల వోల్టుల తీగలకూ వాడుతూ వచ్చారు. తీగ ఎక్కడనుంచి పోతోంది, ఎంత వోల్టేజీ, మిగిలిన నేల దేనికి పనికొస్తుంది అన్నవి చూసి విలువ తరుగు లెక్కించాలని 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో కేంద్ర విద్యుత్ శాఖ టవరు పాదాల కింది నేలకు ధరలో నూటికి 85, తీగల కింది నడవకు 15 దాకా అని మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని సవరించి పాదాల నేలకు ధరకు రెట్టింపు, నడవకు నూటికి 30 అంది. అవి మార్గదర్శకాలు కనుక రాష్ట్రాలు ఆమోదించవలసి ఉంటుంది. తంతి చట్టం వచ్చిన 130 ఏళ్లకు తీగ నీడకు అంకె పడింది.

మన రాష్ట్రంలోనే కోయంబత్తూరు నుంచి కృష్ణగిరి దాకా ఏడు జిల్లాల్లో సుమారు 310 కిలోమీటర్ల గ్యాసు గొట్టం మీద పెద్ద పోరాటం జరిగింది. ఆ జిల్లాల్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. పొలాల్లోంచి కాక రోడ్డు పక్కనుంచి వేయమని 2013లో రాష్ట్ర ప్రభుత్వం అంది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా గొట్టానికే దారి ఇచ్చింది. ఈ నడుమ 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ వార్త తర్వాత గొట్టం ఉన్న పొలం కొనడానికి ఎవరైనా వెనకాడితే తప్పు పట్టలేం. భయం కూడా ధరను తగ్గిస్తుంది. పదో వంతు లెక్కలో దానికి చోటు లేదు.

అవతలి పక్షాన్నీ చూడాలి. గొట్టం మీద పైరు పండుతున్నప్పుడు పూర్తి నేల ధర అడగడం సబబు కాదు. గ్యాసు, కరెంటు, నీళ్లు అందరికీ కావాలి. ప్రతి అడుగుకూ అడిగినంత ఇస్తే ఆ బరువు మళ్లీ మన బిల్లుల్లోకే వస్తుంది. నేను అడిగేది ఎక్కువ అంకె కాదు, సరైన కొలత. అమెరికాలో చాలా రాష్ట్రాల కోర్టులు వాడే పద్ధతి ఒకటి ఉంది. హక్కు తీసుకోకముందు మొత్తం పొలం వెల ఎంత, తీసుకున్న తర్వాత మొత్తం పొలం వెల ఎంత? ఆ తేడాయే పరిహారం. పట్టీ ఒక మూలనుంచి పోతే తేడా నూటికి 10 కన్నా తక్కువ కావచ్చు. నడిమధ్యనుంచి పోతే ఎన్నో రెట్లు కావచ్చు. లోవ ఊట కేసు చెప్పిందీ, నెసపాక్కం కేసు చెప్పిందీ ఇదే దారి. నేలకు రేపు ఉండగల ఉపయోగమూ నేలలో భాగమే. పూర్తిగా తీసుకున్నప్పుడు ఒప్పుకున్న ఈ మాటను, హక్కు తీసుకున్నప్పుడు మాత్రం ఎందుకు వదిలేయాలి?

మనం చేయగలిగింది

చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. భూమి అమ్మినా కొన్నా అసలు ధరే రాయించండి. ఆ దస్తావేజు మీ ఒక్కరిది కాదు, ఊరంతటి ధరకూ అదే సాక్షి. కొనేముందు ఈసీ చూసి తృప్తిపడకండి. గొట్టం హక్కు గెజెటు ప్రకటనతో వస్తుంది, దస్తావేజుతో కాదు, కనుక ఈసీలో కనబడకపోవచ్చు. పొలం చుట్టూ నడిచి గుర్తురాళ్లు, గొట్టం బోర్డులు ఉన్నాయేమో చూడండి. నోటీసు వస్తే గడువు చూసుకోండి. గొట్టాల చట్టం కింద అభ్యంతరానికి 21 రోజులే. 2013 చట్టం కింద 60 రోజులు. డబ్బు పుచ్చుకునేటప్పుడు 'ఆక్షేపణతో' అన్న మాట మరవకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇళ్లలో ఉన్న పెద్దలకు ఆ కాగితాలు చదివి వినిపించండి. మన పిల్లలు ఇక్కడి బడుల్లో తమిళం చక్కగా చదువుకుంటున్నారు. తాత సంతకం పెట్టబోయే నోటీసు ఏమంటోందో తెలుగులో చెప్పడానికి పదో తరగతి చదివే మనవరాలు చాలు. పాత ఇనుప పెట్టెల్లో ఎవరి దగ్గరైనా సేకరణ అవార్డుల నకళ్లు ఉంటే పారేయకండి. వీలైతే వాటి వివరాలు ఈ పత్రికకు రాసి పంపండి. ఏ ఊళ్లో, ఏ ఏడాదిలో, ఏ ధరకు నేల పోయిందో మన దగ్గర ఒక లెక్క ఉండడం మంచిది.

మా మేనమామ అవార్డు నకలు ఇప్పుడు నా దగ్గర ఉంది. రెండు పేజీల తమిళం, అడుగున ఆయన తెలుగు సంతకం. రోడ్డుకు ఇవతల మిగిలిన బావిని ఆయన పోయాక పూడ్చేశారు.